కృతజ్ఞత తర్వాతి వాక్యం

తెలుగులో ‘విశ్వాసం’ అనే మాట నాకు రెండు చోట్ల ఎక్కువగా వినిపిస్తుంది. ఒకటి చర్చిలో, రెండోది కుక్కల గురించి మాట్లాడుకునేటప్పుడు. ఇది వెక్కిరింపుగా అనడం లేదు. మన భాష అట్లా సర్దిపెట్టింది. దేవుణ్ణి నమ్మడానికీ, అన్నం పెట్టిన చేతిని మరవకపోవడానికీ ఒకటే మాట ఇచ్చింది. ఇంగ్లీషులో ఫెయిత్ వేరు, లాయల్టీ వేరు. మనకు రెండూ ఒకే గూట్లో ఉంటాయి. ‘విశ్వాసి’ అంటే క్రైస్తవుడు. ‘విశ్వాసఘాతకుడు’ అంటే మాత్రం ప్రార్థన మానేసినవాడు కాదు, ఉప్పు తిని ఎదురు తిరిగినవాడు.

తెలుగు క్రైస్తవ జీవితం గురించి రాసినదీ, మాట్లాడినదీ చాలావరకు ఈ రెండు అర్థాల మధ్య ఇరుక్కుని ఉందని నాకు అనిపిస్తుంది. మేలు పొందినవాడు ధన్యవాదం చెప్పాలి, అందులో పేచీ లేదు. చెప్పిన తర్వాత వాడు ఇంకో వాక్యం మాట్లాడొచ్చా? మాట్లాడితే అది కృతఘ్నత కిందికి వస్తుందా? కృతజ్ఞతకూ వ్యక్తి స్వేచ్ఛకూ మధ్య సంబంధమంతా ఆ రెండో వాక్యంలో ఉందని నా వాదన. కొన్ని రచనలను ఆ ప్రశ్నతో చదివి చూద్దాం.

మాది పలమనేరు. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి తరఫున స్కడ్డర్ అన్నదమ్ములు 1853లో మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్‌కు తెలుగు వైపున్న స్టేషన్లలో మదనపల్లెతో పాటు మా ఊరు కూడా ఒకటి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో టీబీ శానిటోరియం వచ్చింది. చిత్తూరు దాటి పోతే వేలూరు. అక్కడ 1900లో అదే స్కడ్డర్ కుటుంబానికి చెందిన ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఈరోజు సీఎంసీ. మా వైపు కుటుంబాలలో, ఏ మతమైనా సరే, ఎవరో ఒకరు అక్కడ బతికి బయటపడి ఉంటారు. క్రైస్తవ కుటుంబాలైతే దీనికి బడి, హాస్టలు, మొదటి జీతం కూడా కలుపుకోవాలి. అందుకే మా అవ్వల తరం నోట ఒక మాట ఎప్పుడూ ఉండేది. “దొరలు రాకపోయుంటే మన బతుకు యాడుండును రా?”

ఆ మాట నిజమే. బడిలోకి రానివ్వని కాలంలో బడి పెట్టినవాళ్ళను మరవమనడం అన్యాయం. కానీ అది ప్రశ్నలా వినిపించే జవాబు. దాని తర్వాత ఎవరూ ఏమీ అనరు. ‘అవును’ అనాలి, లేదంటే ఊరుకోవాలి.

మా వైపు ఈ మాటకు ఒక సాహిత్య రూపం కూడా ఉంది. దాన్ని సాహిత్యమని ఎవరూ పిలవరు. దాని పేరు ‘సాక్ష్యం’. కొత్త ఇల్లు కట్టినా, ఆపరేషన్ బాగా జరిగినా, పిల్లోడికి ఉద్యోగం వచ్చినా ఇంట్లో కృతజ్ఞత కూటం పెడతారు. ఇంటి ముందు షామియానా, అద్దె కుర్చీలు, ఒక మైకు. పాట, వాక్యం అయ్యాక ఇంటివాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. దానికి మూడు అంకాలు. అప్పుడు ఎట్లా ఉన్నాం, ఆ రోజు ఏం జరిగింది, ఇప్పుడు ఎట్లా ఉన్నాం. చివర స్తోత్రం. ఆ తర్వాత భోజనాలు.

విమర్శకులు ఈ ప్రక్రియను పట్టించుకోకపోవడం నాకు ఆశ్చర్యం. ఏ పుస్తకమూ రాయని, ఏ సభలోనూ మాట్లాడని ఆడవాళ్ళు నలుగురి ముందు నిలబడి తమ జీవితాన్ని మొదటినుంచి చివరిదాకా ఒక కథగా చెప్పుకునే చోటు అది. కూలిపని, అప్పులు, తాగుడు, ఆసుపత్రి వరండా, అన్నీ పేర్లతో సహా వస్తాయి. పట్టు ఉన్న మనిషి చెబితే అందులో అచ్చు కథల్లో కూడా దొరకని వివరం ఉంటుంది. ఇదే ప్రక్రియకున్న బలం.

బలహీనత కూడా దాని నిర్మాణంలోనే ఉంది. సాక్ష్యానికి నాలుగో అంకం లేదు. మారని భర్త గురించి, తిరిగి వచ్చిన జబ్బు గురించి, కానుక పెద్దదైతేనే ముందు వరసలో కుర్చీ వేసే పద్ధతి గురించి అక్కడ చెప్పడానికి వీలుండదు. చెబితే సాక్ష్యం చెడిపోతుంది. అంటే ఆ మైకు ఇచ్చిన స్వేచ్ఛ ఎంత నిజమో, దాని హద్దు కూడా అంత నిజం. కథ చెప్పుకోవచ్చు, కాకపోతే ముగింపు ముందే రాసిపెట్టి ఉంటుంది.

*

ఈ ఇబ్బంది మిషన్ కాలంలో పుట్టింది కాదు, చాలా పాతది. బైబిలులోనే దాని నమూనా ఉంది. ఫిలేమోనుకు పౌలు రాసిన ఉత్తరం ఒకే ఒక్క అధ్యాయం. ఆదివారం ప్రసంగాల్లో నేను దాని గురించి పెద్దగా వినలేదు. కానీ విమర్శ ఇష్టపడేవాళ్ళకు అదొక విందు.

సంగతి ఇది. ఫిలేమోను అనే ఉన్నవాడికి ఒనేసిము అనే బానిస. అతను యజమానికి దూరమై, జైల్లో ఉన్న పౌలు దగ్గరికి చేరి క్రైస్తవుడయ్యాడు. పౌలు అతన్ని తిరిగి పంపుతూ యజమానికి ఉత్తరం రాశాడు. ఆజ్ఞాపించే అధికారం నాకుంది, అయినా బతిమాలుకుంటున్నాను అంటాడు. నీ మంచితనం బలవంతం వల్ల కాకుండా ఇష్టంతో రావాలి అంటాడు. ఇక్కడిదాకా స్వేచ్ఛ భాష. కొన్ని వాక్యాల తర్వాత ఒక మెలిక. ఒనేసిము నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాసుకో, నేను తీరుస్తాను, అయినా నీ ప్రాణమే నాకు బాకీ అన్న విషయం నేను ఎత్తనులే అంటాడు. ఎత్తనంటూనే ఎత్తేశాడు! మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు “నేను చేసినవన్నీ ఇప్పుడు చెప్పను గానీ” అని మొదలుపెట్టడం గుర్తుకొస్తుంది.

స్వేచ్ఛ గురించి గలతీయులకు అంత గట్టిగా రాసిన మనిషే ఇక్కడ కృతజ్ఞతను బాకీ పత్రంగా వాడుకున్నాడు. ఈ వైరుధ్యాన్ని దాచిపెట్టనవసరం లేదు. అయితే ఆ బాకీని ఎవరి కోసం వసూలు చేశాడో చూడాలి. తన కోసం కాదు. బానిసను బానిసగా కాక ప్రియమైన సహోదరుడిగా తీసుకో అని అడగడానికి ఆ పరపతి ఖర్చు పెట్టాడు. బాకీ గుర్తుచేసే హక్కు ఎవరికైనా ఉంటే అది మూడోవాణ్ణి విడిపించడానికే పనికిరావాలని ఈ ఉత్తరం చెబుతున్నట్టు నాకనిపిస్తుంది. ఒనేసిము మాత్రం ఉత్తరం మొత్తంలో ఒక్క మాటా మాట్లాడడు. విడిపించబడేవాడి మాట మనదాకా రాలేదు. ఆ ఖాళీని గుర్తుపెట్టుకుందాం. మేలు చేసినవాళ్ళే రాసిన చరిత్రల్లో అది మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది.

*

ఆ ఖాళీలోంచి ఒకసారి ఒక మనిషి లేచి మాట్లాడాడు. తెలుగు క్రైస్తవ చరిత్రలో కృతజ్ఞతకూ స్వేచ్ఛకూ సంబంధించి నేను చదివిన అన్నిటికన్నా పదునైన రచన అది. రచన అనడం కంటే ప్రసంగం అనాలి.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధులు. అందులో ఆసియా వాళ్ళు ఇరవై మంది దాకా మాత్రమే. వాళ్ళలో ఒకడు వి. ఎస్. అజరయ్య. తిరునల్వేలి తమిళుడు. అప్పటికే నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగు పల్లెల్లో పనిచేస్తున్నాడు. వయసు 35. విదేశీ మిషనరీలకూ స్థానిక కార్యకర్తలకూ మధ్య సహకారం గురించి మాట్లాడమన్నారు. ఆయన పెద్ద సిద్ధాంతమేమీ ఎత్తుకోలేదు. చేతులు కలపకపోవడం, ఇంటికి భోజనానికి పిలవకపోవడం, కలిసి ఏళ్ళ తరబడి పనిచేసినా పక్కన కూర్చోబెట్టుకోకపోవడం, ఇట్లాంటి చిన్న విషయాల గురించి మాట్లాడాడు. కరచాలనాలు, కుర్చీలు, టీలు వాటికోసమే నేను అడగడం లేదు, వాటి వెనక స్నేహం ఉంటేనే అవి కావాలి అన్నాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని మనకొక నింద ఉంది కదా. అజరయ్య వాసాలు లెక్కపెట్టలేదు, కుర్చీలు లెక్కపెట్టాడు. సభలో కొందరికి అది నచ్చలేదు కూడా.

ప్రసంగం ముగింపు దగ్గర ఆగి చదవాలి. మొదట నిండుగా కృతజ్ఞత చెప్పాడు. మిషనరీల త్యాగాన్నీ ధైర్యాన్నీ భారతీయ సంఘం రాబోయే తరాలన్నిటిలో గుర్తుపెట్టుకుంటుంది అన్నాడు. మీరు మీ ఆస్తి బీదల కోసం ఇచ్చారు, శరీరాలను కాల్చుకోవడానికి కూడా ఇచ్చారు అన్నాడు. ఆ తర్వాత మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని ముగించాడు.

ఆస్తి ఇవ్వడం, శరీరం కాల్చుకోవడం అనే మాటలు ఎక్కడివో అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలోవి. అక్కడ పౌలు చెప్పేదేమిటంటే ఇవన్నీ ఇచ్చినా ప్రేమ లేకపోతే ఇచ్చినవాడికి ప్రయోజనం సున్నా. అజరయ్య ఆ వచనంలో మొదటి సగాన్ని పొగడ్తగా వాడుకున్నాడు. రెండో సగం పలకలేదు. అది వినేవాళ్ళు తమంతట తామే మనసులో పూర్తి చేసుకున్నారు. వాళ్ళ పుస్తకంతోనే వాళ్ళను నిలదీశాడు, అదీ ధన్యవాదం చెబుతూ.

ఇంకో సూక్ష్మం ఉంది. ఆ సభలో చాలామంది చిన్నప్పటినుంచి చదివిన 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో ఆ అధ్యాయంలోని మాట లవ్ కాదు, ఛారిటీ. 1881లో వచ్చిన సవరించిన కొత్త నిబంధనలో దాన్ని లవ్ అని మార్చారు. ఛారిటీ అంటే వాడుకలో దానధర్మం. అంటే ఒక తరం ఆ అధ్యాయాన్ని దానం వాసన తగిలే మాటతో చదివి పెరిగింది. అజరయ్య అడిగింది కచ్చితంగా దానం కానిదాన్ని. తెలుగు బైబిలు చదివేవాళ్ళకు ఈ తికమక లేదు. మనకు దానం దానమే, ప్రేమ ప్రేమే. విశ్వాసం దగ్గర మనల్ని ఇబ్బంది పెట్టిన భాష ఇక్కడ మనకు సాయం చేసింది.

నన్ను ఎక్కువగా పట్టేసింది మాత్రం ‘కూడా’ అన్న చిన్న మాట. అక్కడ ‘కానీ’ అనడం తేలిక. మీరు ఇది చేశారు, కానీ అది చేయలేదు. అట్లా అంటే ముందు చెప్పిన కృతజ్ఞత వట్టి మర్యాదగా మారిపోతుంది, అసలు సంగతికి ముందు వేసే పీటలాగా. ‘కూడా’ అంటే అట్లా కాదు. చేసింది చేసినట్టే ఉంటుంది, దాన్లోంచి ఏమీ తీసేయడం లేదు. దాని పక్కన ఇంకోటి అడుగుతున్నాను. అడగడం వల్ల తీసుకున్నది తగ్గదు, తీసుకోవడం వల్ల అడిగే హక్కు పోదు. కృతజ్ఞత, స్వేచ్ఛ ఒకే వాక్యంలో ఎట్లా ఉండగలవో నేర్చుకోవాలంటే ఆ మాట దగ్గర నేర్చుకోవాలి.

1912 డిసెంబర్ 29న అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. 1945 జనవరి 1న చనిపోయేదాకా దోర్నకల్ బిషప్పు ఆయనే. అప్పటినుంచి మేలు చేసే కుర్చీలో ఆయనే ఉన్నాడు. ఆయన అధ్యక్ష మండలంలో ఎక్కువమంది తెలుగు మాల, మాదిగ పల్లెల మనుషులు. ఎడిన్‌బరోలో ఆయన అన్న రెండో వాక్యం వాళ్ళు ఆయనతో అనగలిగారా? అజరయ్యను పొగిడి వదిలేయకుండా చదవాలంటే ఈ ప్రశ్న అడగాలి. ఆయన చూపించిన పద్ధతి ఆయనకూ వర్తించాలి కదా.

*

“అన్నం కోసం మతం మారారు” అనే మాట వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. దాని కథ ఒంగోలు దగ్గర మొదలవుతుంది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే ఆరోపణ సిద్ధం. మధ్యలో ఉన్నది మాత్రం చాలామంది చెప్పరు. కరువు పని జరిగినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి పోసిన చెయ్యే నీళ్ళలో ముంచితే ఆ మునక ఎవరి ఇష్టమో తెలియదని ఆయనకు అర్థమైంది. కృతజ్ఞత బాకీగా మారకుండా మేలు చేసినవాడే కాస్త అడ్డం నిలబడిన సందర్భం ఇది.

దానికన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ఒంగోలు మాదిగపల్లెల్లో ఈ కదలిక క్లౌతో మొదలు కాలేదు. తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య, క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే ఈ కబురు విని, తనవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అంటే ఎవరో వచ్చి లేపితే లేచిన జనం కాదు, లేచి వెతుక్కుంటున్న జనానికి ఒకడు ఎదురొచ్చాడు. ఈ క్రమాన్ని తిరగేసి చెబితే కృతజ్ఞత రంగే మారిపోతుంది.

జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) ఈ క్రమాన్ని సరిగ్గా నిలబెట్టిన నవల. కరువులో బకింగ్‌హామ్ కాలువ పనివైపు నడిచిన శివయ్య ఇందులో సైమన్ అవుతాడు. మతం మారడాన్ని కల్యాణరావు అద్భుతంలాగా రాయలేదు, మోసంలాగానూ రాయలేదు. నిలబడటానికి నీడ దొరికిందన్నట్టు రాశాడు. అయితే కథ చెప్పే రూతు జ్ఞాపకంలో అతి పెద్ద కృతజ్ఞత ఏ దొరకూ దక్కదు. పాటగాడు ఎల్లన్నకు దక్కుతుంది. మిషన్ రికార్డుల్లో ఉండని మనిషికి, మతం మారకముందే పాటలు కట్టినవాడికి. క్రైస్తవ పేర్లు పెట్టుకున్న మనవళ్ళు క్రైస్తవుడు కాని పూర్వీకుడికి కృతజ్ఞత చెప్పడం చిన్న విషయం కాదు. మిషనరీ జీవితచరిత్రల్లో ‘చీకటి కాలం’ అని ఒక్క మాటతో కొట్టేసిన చోట కల్యాణరావు ఒక కళాకారుణ్ణి కూర్చోబెట్టాడు.

ఆ నవలతో నాకు ఒక తకరారు ఉంది. తర్వాతి తరాలకు వచ్చేసరికి ప్రార్థనను దాటివెళ్ళవలసిన మజిలీగా చూస్తుంది. విప్లవ రాజకీయాల వైపు నడిచే ఆ దారికి అది సబబే కావచ్చు. కానీ ఈరోజుకూ ఆదివారం తెల్లచీర కట్టుకుని గుడికి పోయే ఆడమనిషికి ఆ ప్రార్థన మజిలీ కాదు, ఇల్లు. ఆమె స్వేచ్ఛ అక్కడ ఉండకూడదని ముందే తీర్మానించడం, ఆమె కృతజ్ఞతను ముందే వసూలు చేయడం లాంటిదే. రెండింటిలోనూ ఆమె తర్వాతి వాక్యం ఆమెకంటే ముందు ఇంకొకరు రాసేస్తున్నారు.

*

గుర్రం జాషువాకు ఇద్దరు అప్పులవాళ్ళు. క్రైస్తవుడిగా పుట్టి పురాణ కథలతో పద్యాలు రాస్తాడా అని ఒకవైపు క్రైస్తవులు. ఈ కులంవాడికి పద్యం ఎందుకని ఇంకోవైపు సవర్ణ పండితులు. ఇద్దరూ ఆయన నుంచి విశ్వాసం కోరారు, రెండో అర్థంలో. మా దగ్గర తీసుకున్నావు కాబట్టి మేము చెప్పినట్టు ఉండు అని.

ఆయన ఏం చేశాడో చూడండి. కాళిదాసు మేఘసందేశం చట్రం తీసుకుని, అందులో యక్షుణ్ణి తీసేసి ఒక అస్పృశ్యుణ్ణి పెట్టాడు. మేఘం బదులు గబ్బిలం. సందేశం శివుడికి. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. 1958లో అదే పద్యంతో ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు. శివుడికి మొరపెట్టిన చెయ్యే క్రీస్తు కథ రాసింది. ఏ గుమ్మం దగ్గరా అనుమతి అడగలేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక తేలికైన దారి ఉంది. ఎమ్ఐటీ లైసెన్సు అని ఒకటుంది. చాలా చిన్నది, ఒక నిమిషంలో చదవొచ్చు. ఈ కోడ్ తీసుకో, మార్చుకో, అమ్ముకో, నీ ఇష్టం. ఒకటే షరతు, రాసినవాడి పేరున్న నోటీసు తీసేయొద్దు. అంటే గుర్తుపెట్టుకో, కానీ లోబడి ఉండక్కర్లేదు. కృతజ్ఞత అన్న సంస్కృత మాటకు అసలు అర్థం కూడా అంతే కదా, చేసినదాన్ని తెలిసి ఉండటం. తీర్చడం కాదు, లొంగడం కాదు, తెలిసి ఉండటం. జాషువా కాళిదాసును దాచలేదు, క్రీస్తునూ దాచలేదు. వాటితో తనకు కావలసింది కట్టుకున్నాడు. తన గురువులెవరంటే పేదరికం, కులమత భేదం అని చెప్పుకున్న మనిషి ఆయన. ఒకటి ఓర్పు నేర్పింది, రెండోది ఎదిరించే శక్తి ఇచ్చింది, బానిసను మాత్రం చేయలేదని ఆయన మాటల సారం. మేలు చేయని గురువులకు కూడా లెక్క రాసిపెట్టిన మనిషిని ఎవరు బాకీదారుణ్ణి చేయగలరు!

జాషువాకున్న ఇద్దరు అప్పులవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డ్ కులంవాడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులను బీసీ–సీలో పెట్టారు. ఊళ్ళో పేట మారదు, బావి దగ్గర చూపు మారదు, కాగితం మాత్రం మారుతుంది. కాబట్టి ఇంట్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. ఇప్పుడు షామియానా కింద మైకు పట్టుకున్న ఆ మనిషి దగ్గరికి మళ్ళీ రండి. ఉద్యోగం వచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పాలి. గట్టిగా చెబితే ఆ ఉద్యోగానికే ముప్పు రావచ్చు. చెప్పకపోతే విశ్వాసం లేదంటారు. బయటివాళ్ళేమో రిజర్వేషన్ ఇచ్చినందుకు దేశానికి కృతజ్ఞతగా ఉండమంటారు, హక్కును దానంలాగా లెక్కగట్టి. తెలుగులో క్రైస్తవ జీవితం గురించి దాపరికం లేని ఆత్మకథలు ఎందుకు ఇంత తక్కువ అని అడిగేవాళ్ళు ప్రతిభ లేకపోవడం దగ్గర కాదు, ఈ పేరా దగ్గర వెతకాలి. చర్చిలోనేమో నాలుగో అంకం చెప్పనివ్వరు. బయట మూడో అంకానికే శిక్ష.

సుజాత గిడ్ల తన కుటుంబ చరిత్ర ‘యాంట్స్ ఎమాంగ్ ఎలిఫెంట్స్’ (2017) అమెరికాలో ఉండి ఇంగ్లీషులో రాసిందంటే అది భాష ఎంపిక మాత్రమే కాదని నాకు అనిపిస్తుంది. ఒక దళిత క్రైస్తవ కుటుంబం మిషన్ బళ్ళలో చదువుకున్న సంగతి అందులో ఉంది, తర్వాత ఆ కుటుంబం నడిచిన దారీ ఉంది. తలవంచి చెప్పిన స్తోత్రం లేదు, చేసినదాన్ని చెరిపేయడమూ లేదు. తర్వాతి వాక్యాలే పుస్తకమంతా. అట్లాంటి పుస్తకం పలమనేరులోనో, బాపట్లలోనో కూర్చుని తెలుగులో రాయగలిగిన రోజు ఈ చర్చ సగం అనవసరమైపోతుంది.

నేను ఎవరి కృతజ్ఞతనూ తగ్గించమనడం లేదు. మా అవ్వల మాటను సరిచేయాలనీ లేదు. ఆ మాట పక్కన ‘కూడా’ పెట్టగలగాలి, అంతే. దొరలు బడి పెట్టారు, ఆ బడికి కాలినడకన పోయిన పిల్లల తెగువ కూడా ఉంది. దేవుడు చేసిన మేలుంది, నాకింకా తీరని బాధ కూడా ఉంది. సాక్ష్యంలో ఆ నాలుగో అంకం చేరితే దేవుడికి వచ్చే నష్టమేమీ లేదు. కీర్తనల గ్రంథంలో స్తుతి పక్కనే ఫిర్యాదు పెట్టినవాళ్ళు ఎంతమంది లేరు!

మదనపల్లెలో ఏళ్ళ తరబడి పనిచేసి 1908లో అక్కడే చనిపోయిన జేకబ్ ఛేంబర్లిన్ ఒక చిన్న సంగతి రాసిపెట్టాడు. పిల్లల క్రైస్తవ పాట ఒకటి తెలుగులోకి తెచ్చి మిషన్ బడిలో నేర్పించాడట. కొన్నాళ్ళకు ఒక ఇరుకు వీధిలో పోతుంటే నుదుట బొట్టుతో ఒక హిందూ పిల్లవాడు అదే పాట గొంతెత్తి పాడుతున్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని దారినపోయేవాడు అడిగితే మిషన్ బడిలో అన్నాడు. యేసు ఎవరంటే, మనల్ని రక్షించడానికి వచ్చినవాడని వాళ్ళు చెబుతారు అన్నాడు. విన్నవాళ్ళు, ఏదైనా గానీ పాట బాగుంది, ఇంకా పాడు అన్నారు.

ఛేంబర్లిన్ దీన్ని సువార్త గెలుపుగా రాసుకున్నాడు. నాకు ఆ పిల్లవాడు గెలిచినట్టు కనిపిస్తుంది. ఎవరు నేర్పారో దాచలేదు. ‘వాళ్ళు చెబుతారు’ అనే దూరాన్ని వదులుకోలేదు. పాట మాత్రం పూర్తిగా తనదే అన్నట్టు పాడాడు.